పదహారన్న అడిగిన మాట

పదహారన్న పోయిన ఇరవయ్యో రోజున డార్ట్స్ సంఘం కార్యదర్శి టైలరు షాపు మెట్లెక్కాడు. లోపల సుద్దాయన ఎవరిదో పాత కోటు ఒళ్ళో వేసుకుని చంక దగ్గర కుట్లు విప్పుతున్నాడు. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. వచ్చిందెవరో చెప్పులు చూసి పోల్చుకున్నాడు గానీ తలెత్తలేదు.

"కొలతలివ్వడానికి రాలేదు తాతా. నీ కొలతే తీసుకుందామని వచ్చా," అన్నాడు కార్యదర్శి.

"నా కొలత తీసేవాళ్ళు వేరే వస్తార్లే. తొందరేం లేదు."

కార్యదర్శి పగలబడి నవ్వి స్టూలు లాక్కున్నాడు. మంచివాడే. నలభై దాటినా ఒకచోట కుదురుగా కూర్చోలేడు, కడుపులో మాట దాచుకోలేడు.

సుద్దాయన అసలు పని బట్టలు కుట్టడం. కానీ నలభై ఏళ్ళపాటు సెలవు రోజుల్లో డార్ట్స్ బోర్డు పక్కన నిలబడి, పడ్డ డార్టులు చూసి లెక్క పలికి, నల్లబల్ల మీద రాసింది ఆయనే. టైలరు చెయ్యి కదా, సుద్ద పట్టుకుంటే గీత వంకరపోయేది కాదు. అలా సుద్దాయన అయిపోయాడు. సొంత పేరుతో పిలిస్తే ఇప్పుడు ఆయనే వెనక్కి తిరిగి చూడడు.

"వచ్చే ఆదివారం హాల్లో పదహారన్న సంస్మరణ సభ," అన్నాడు కార్యదర్శి. "కప్పుకి ఆయన పేరు పెడుతున్నాం. అది అందరూ చేసేదే. మనం ఇంకోటి చేస్తున్నాం. పాత నల్లబల్ల లాంటిది చేయించా. దాని మీద నువ్వు ఆ రోజు రాసినట్టే ముప్పై రెండు రాస్తావు. నీ చేతి రాతే. పైన అద్దం బిగించి గోడకి కొట్టేస్తాం. మనం పోయినా అది ఉంటుంది."

సుద్దాయన చేతిలో కుట్లు విప్పే సూది ఆగింది.

"ఊరికే రాయడం కాదు. ఈ ఏటి చాంపియన్ ఉంది చూడు, బేకరీ ఆవిడ, ఆవిడ డార్టు విసిరే గీత దగ్గర నిలబడి నీ వైపు తిరిగి, పదహారన్న అడిగినట్టే, 'ఎంత మిగిలింది?' అంటుంది. నువ్వు 'ముప్పై రెండు' అంటావు. హాలు హోరెత్తిపోవాలి! ఆయన కూతురిక్కూడా చెప్పాను. ఏడ్చేసింది పాపం."

"చూద్దాం," అన్నాడు సుద్దాయన.

"చూద్దామేంటి తాతా, నువ్వు లేకపోతే అది ఒట్టి చెక్క."

కార్యదర్శి వెళ్ళిపోయాక సుద్దాయన విప్పాల్సిన కుట్టు వదిలేసి పక్క కుట్టు విప్పేశాడు. అరవై ఏళ్ళ పనిలో ఆ పొరపాటు చేసింది అదే మొదలు.

ఆట తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. ఇద్దరూ ఐదొందల ఒకటి నుంచి మొదలెడతారు. వంతుకి మూడు డార్టులు. బోర్డు మీద ఒకటి నుంచి ఇరవై దాకా గడులుంటాయి, లోపలి సన్న వలయంలో పడితే అంకెకి మూడింతలు. కొట్టినంతా తీసేస్తూ పోవాలి. సరిగ్గా సున్నాకి రావాలి. ఆఖరి డార్టు మాత్రం బోర్డు అంచున వేలంత వెడల్పు ఉన్న వలయంలోనే పడాలి. అక్కడ పడితే అంకె రెట్టింపు, దాన్నే డబుల్ అంటారు. పదహారు డబుల్ అంటే పదహారన్నకి ప్రాణం. ముప్పై రెండు మిగుల్చుకుని గీత మీద నిలబడ్డాడంటే చూసేవాళ్ళు లేచి చొక్కాలు సర్దుకునేవాళ్ళు, ఇంటికి బయల్దేరడానికి. అందుకే పదహారన్న.

ముప్పై ఒక్క ఏళ్ళ కిందట పెద్ద ఫైనల్ జరిగింది. హాల్లో నాలుగొందల మంది. ఎదుటివాడు తాళాలు బాగుచేసే మనిషి. చివరి ఆట. పదహారన్నకి నూట ఇరవై ఎనిమిది మిగిలింది. మొదటి డార్టు అరవై. రెండోది ఇరవై. ఇంక నలభై ఎనిమిది. మూడోది పదహారులో వేసి ముప్పై రెండు మిగుల్చుకుంటాడు. అది హాల్లో అందరికీ తెలుసు. అందరికంటే ఎక్కువ సుద్దాయనకి తెలుసు.

టైలరు పనిలో ముందు సుద్ద నడుస్తుంది, దాని వెనక కత్తెర నడుస్తుంది. డార్ట్స్‌లో అది తిరగబడుతుంది. ముందు డార్టు, తర్వాతే సుద్ద. వారమంతా ఒకలా, ఆదివారం ఇంకోలా. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెయ్యి తడబడలేదు. ఆ రోజు తడబడింది. పదహారన్న చేతిలోంచి డార్టు వదిలిందో లేదో, సుద్దాయన మూడూ కలిపి "తొంభై ఆరు!" అని కేక పెట్టి ముప్పై రెండు రాసేశాడు. రాసి బోర్డు వైపు చూశాడు.

డార్టు పదహారులో లేదు. గడుల్ని విడదీసే తీగకి అవతల, దాని పైనున్న ఎనిమిదిలో ఉంది. మిగిలింది నలభై.

అది అంత దగ్గర్నుంచి చూడగలిగినవాళ్ళు ఇద్దరే. పక్కన నిలబడ్డ సుద్దాయన, డార్టులు లాక్కోడానికి వచ్చిన పదహారన్న. ఎదుటివాడు రెండడుగులు వెనక తల దించుకుని నిలబడాలి, అది మర్యాద. పదహారన్న డార్టులు పీకాడు. నల్లబల్ల చూశాడు. సుద్దాయన మొహం చూశాడు. ఏమీ అనకుండా వెనక్కి నడిచాడు.

సుద్దాయన చెయ్యి తుడిచే గుడ్డ మీదికి పోయింది. ఈలోగా తాళాలాయన గీత దగ్గరికి వచ్చేశాడు. ఆటగాడు విసురుతుంటే బల్ల పక్కనున్నవాడు కన్నార్పకూడదు, రాయిలా నిలబడాలి. నిలబడ్డాడు. తాళాలాయనకి ఒక్క డబుల్ కావాలి. మూడూ తీగ బయట పడ్డాయి. అయ్యో అంది హాలు.

అప్పుడు పదహారన్న గీత మీదికి వచ్చాడు. డార్టు ఎత్తలేదు. సుద్దాయన వైపు తిరిగి అడిగాడు.

"ఎంత మిగిలింది?"

హాలు గొల్లున నవ్వింది. తనకెంత మిగిలిందో నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషి! ఎదుటివాణ్ణి ఏడిపించడానికే అడిగాడనుకున్నారు. ఆ పొగరు గురించి ముప్పై ఏళ్ళు కథలు కథలుగా చెప్పుకున్నారు. సంఘం పుస్తకంలో అచ్చేశారు.

అడిగింది పొగరుతో కాదని సుద్దాయనకి తెలుసు. ఆ కళ్ళు ఆయన చూశాడు. ఆటగాడు అడిగితే బల్ల మనిషి చెప్పి తీరాలి, ఆ ఒక్క మాటకే ఆయనకి నోరుంది. నలభై అంటే సరిపోయేది. గుడ్డతో తుడిచి, తప్పయిందని ఒక్క ముక్క అంటే సరిపోయేది. నాలుగొందల మంది తన వైపే చూస్తున్నారు. మళ్ళీ జన్మలో తనకి సుద్ద ఇవ్వరు.  నోట్లోంచి ఊడిపడ్డ మాట మాత్రం వేరేది.

"ముప్పై రెండు."

పదహారన్న ఒక్క క్షణం అలాగే నిలబడ్డాడు. తర్వాత తిరిగి డార్టు వదిలాడు. పదహారు డబుల్, నట్టనడుమ. జనం ఆయన్ని భుజాల మీద మోసుకుపోయారు.

ఆ తర్వాత ఆయన ఒక్క పోటీ గెలవలేదు. ముప్పై రెండు మిగిలిందంటే చాలు, చెయ్యి ఎత్తేవాడు, మోచెయ్యి ముందుకొచ్చేది, వేళ్ళు మాత్రం విడేవి కావు. మళ్ళీ దించేవాడు. మళ్ళీ ఎత్తేవాడు. ఒకసారి లెక్కపెట్టారు, పద్దెనిమిది సార్లు. జనం మొదట జాలిపడ్డారు, తర్వాత ఈలలేశారు. డాక్టర్లు చెయ్యి తిప్పి చూసి నరాలు బాగానే ఉన్నాయన్నారు. మూడేళ్ళకి ఆట మానేశాడు. ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోస్తూ బతికాడు. ఊపిరితిత్తులు పాడై ఆసుపత్రి వరండాలో, మంచం కూడా దొరక్క, తోపుడు బల్ల మీద పోయాడు. ఆ మూడేళ్ళూ ఆయన ఆటలన్నిటికీ బల్ల దగ్గర సుద్దాయనే ఉన్నాడు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. ఎదురుపడితే బాగున్నావా అంటే బాగున్నావా అనుకునేవాళ్ళు, అంతే.

ఇప్పుడు ఆ మాట మళ్ళీ చెప్పి, గాజు కింద పెట్టాలట.

శుక్రవారం సుద్దాయన షాపు సగం మూసి తాళాలాయన దగ్గరికి వెళ్ళాడు. బస్టాండు వెనక ఇరుకు గది. గోడ నిండా మేకులు, మేకుల నిండా తాళంచెవులు. తాళాలాయన ఒక చెవిని బిగించి ఆకురాయితో రాస్తున్నాడు. ఆయనకీ డెబ్భై దాటాయి.

"ఏమయ్యా సుద్దా, తాళం పోయిందా, మతి పోయిందా?"

"రెండోదే అనుకో."

నిలబడే చెప్పాడు. చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు మోసింది నాలుగు మాటల్లో అయిపోయింది. తాళాలాయన ఆకురాయి ఆపలేదు. మధ్యలో ఒకసారి ఇనప పొడి ఉఫ్ మని ఊదాడు. చెవిని వెలుతురుకి పట్టి చూసి పక్కన పెట్టాడు.

"ఎనిమిదిలోనా?"

"ఎనిమిదిలో."

"నువ్వు నలభై అని ఉంటే ఇరవై డబుల్ కొట్టేవాడు వాడు. ఆ రోజు వాడి చెయ్యి అలా ఉంది. నేను ఎలాగూ ఓడేవాణ్ణి." ఆకురాయి కింద పెట్టాడు. "కాకపోతే నిజంగా ఓడేవాణ్ణి."

సుద్దాయన గోడ మీది తాళంచెవుల వైపు చూశాడు.

"మా ఆవిడ పోయేదాకా అంటూనే ఉంది. ఒక్క డబుల్ కొట్టలేనివాడివి, తలుపులేం తెరుస్తావయ్యా అని. నవ్వుతూనే అనేదిలే. నేనూ నవ్వేవాణ్ణి." మొహం తుడుచుకున్నాడు. చేతి నలుపు చెంపకి అంటింది. "నాకెందుకు చెప్తున్నావిది? క్షమించానని అనిపించుకుని ఆదివారం హాయిగా ముప్పై రెండు రాసుకుందామనా?"

"కాదు."

"మరి అక్కడ చెప్పు. నేను చెబితే ఓడినవాడి ఏడుపంటారు. నువ్వు చెప్పు."

"వాడికో కూతురుంది," అన్నాడు సుద్దాయన.

"నాకూ ఉంది," అన్నాడు తాళాలాయన. ఇంకో చెవి తీసి బిగించాడు.

ఆదివారం పదకొండు గంటలకి హాలు నిండింది. ముందు వరసలో పదహారన్న కూతురు, తెల్ల చీరలో, బట్టలుతికే కంపెనీ నుంచి ఒక పూట సెలవు పెట్టి వచ్చింది. మూడు వరసల వెనక తాళాలాయన, చొక్కా గుండీ మెడదాకా పెట్టుకుని కూర్చున్నాడు. గోడకి పదహారన్న ఫోటో. దాని కింద కొత్త నల్లబల్ల, మీద "128" అని ముందే రాసిపెట్టారు. పక్కన గాజు పలక, నాలుగు మరలు సిద్ధంగా ఉన్నాయి.

కూతురు లేచి వచ్చి సుద్దాయన చెయ్యి పట్టుకుంది. "బాబాయ్, మీరొస్తారో రారోనని భయపడ్డాను. నాన్న మంచం పట్టాక కూడా మీ మాటే చెప్పేవాడు. నా లెక్కలన్నీ సుద్ద దగ్గరున్నాయనేవాడు."

సుద్దాయన మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. 

కార్యదర్శి మాట్లాడాడు. దండలు వేశారు. కప్పు చూపించారు. ఆఖరికి బేకరీ ఆవిడ గీత దగ్గరికి వచ్చింది. సుద్దాయన బల్ల పక్కన నిలబడ్డాడు. అలవాటైన చోటే. సుద్దముక్క చేతిలో చెమటకి మెత్తబడుతోంది. బేకరీ ఆవిడ చక్కగా, పొగరు తెచ్చిపెట్టుకుని, నడుం మీద చెయ్యి వేసి అడిగింది.

"ఎంత మిగిలింది?"

హాలు నవ్వడానికి సిద్ధంగా ఉంది.

"నలభై," అన్నాడు సుద్దాయన.

నవ్వారు. తాత ఆట పట్టిస్తున్నాడనుకున్నారు. "ముప్పై రెండు తాతా, ముప్పై రెండు," అని కార్యదర్శి పక్కనుంచి అందించాడు. సుద్దాయన బల్ల వైపు తిరిగి నూట ఇరవై ఎనిమిది కింద నలభై రాశాడు. మెల్లగా, సున్నా చివరలు కలిసేదాకా.

"మతిమరుపు," అన్నారెవరో. "పాపం వయసు," అన్నారింకొకరు.

"మతిమరుపు కాదు," అన్నాడాయన. గొంతు పెద్దగా లేదు, హాలే చిన్నదైపోయింది. "డార్టు ఎనిమిదిలో పడింది. నేను చూడకముందే పదహారని రాసేశాను. వాడు చూశాడు. దిద్దుతానేమోనని నన్నడిగాడు. పొగరుగా కాదు. బతిమాలినట్టు అడిగాడు. నేను సిగ్గుపడి అబద్ధం చెప్పాను. అంతే."

 అన్ని మూలల నుంచీ ఒకేసారి గోల మొదలైంది. కార్యదర్శి మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా రూలు పుస్తకం ఆయనకి కంఠతా వచ్చు. చేతులెత్తి అందర్నీ ఆపాడు.

"చూడండి, చూడండి. బల్ల మీద రాసింది తప్పయితే ఆటగాడు మళ్ళీ డార్టు వేసేలోపే చెప్పాలి. వేశాక బల్ల మీదున్నదే ఖాయం. అది రూలు. ఆయన గెలుపు గెలుపే. ఎవరూ ఏమీ చెయ్యలేరు."

"చెయ్యమనలేదు," అన్నాడు వెనక నుంచి తాళాలాయన. లేచి నిలబడి ఆ ఒక్క మాట అని మళ్ళీ కూర్చున్నాడు. ఎవరూ ఆయన వైపు తిరగలేదు.

బేకరీ ఆవిడ ఇంకా గీత మీదే ఉంది. పొగరంతా దిగిపోయింది. "మరి ఆయన్ని ఎలా తలుచుకోమంటారు తాతా?" అంది. నిజంగానే అడిగింది.

సుద్దాయన ఎప్పుడూ ఇంతసేపు మాట్లాడిన మనిషి కాదు. మాటలు వెతుక్కున్నాడు. "గెలిచిన రోజు పెట్టి తలుచుకోకండమ్మా. ఆ తర్వాత మూడేళ్ళు వాడు ముప్పై రెండు దగ్గర డార్టు వదల్లేకపోయాడు. మీరంతా ఈలలేశారు. నేనూ పక్కనే నిలబడ్డాను. నా నోరు అబద్ధం చెప్పింది, వాడి చెయ్యి ఇంక చెప్పనంది. అది రాయండి గోడ మీద. ఇంకోటి. బల్ల దగ్గర ఇద్దర్ని పెట్టండి. ఒక్కడి మీద వదిలెయ్యకండి."

"తర్వాత మాట్లాడుకుందాం తాతా, కమిటీలో పెడదాం," అన్నాడు కార్యదర్శి. తడిగుడ్డ తెచ్చి నలభై తుడిచేశాడు. నొచ్చుకుంటూనే తుడిచాడు. సుద్ద తీసుకుని తనే ముప్పై రెండు రాశాడు. ఆయన రాత కిందికి వాలింది. ఇద్దరు వచ్చి గాజు పలక ఎత్తి పట్టుకున్నారు. ఒకడు మరలు బిగించాడు.

కూతురు అంతసేపూ కదల్లేదు. జనం లేచి గుంపులు గుంపులుగా బయటికి పోతుంటే సుద్దాయన ముందుకొచ్చి నిలబడింది. కళ్ళు తడిగా లేవు.

"నాన్నకి తెలుసా?"

అబద్ధం ఆడటానికి ఇంకో చోటు దొరికింది. తెలియదని ఒక్క మాట. ఆ పిల్ల ఇంటికి వెళ్ళి నిద్రపోతుంది.

"తెలిసే అడిగాడమ్మా."

"నాకప్పుడు ఆరేళ్ళు," అంది. "రోజూ పడుకోబోయే ముందు నాన్న చేతికి నూనె రాసేదాన్ని. ఒక్కో వేలూ లాగి వదిలేదాన్ని. నొప్పెక్కడ నాన్నా అంటే ఇక్కడ అని ఎక్కడో చూపించేవాడు. పెళ్ళయ్యేదాకా రాశాను. నేను సరిగ్గా రాయట్లేదేమో, అందుకే తగ్గట్లేదేమో అనుకునేదాన్ని." తన వేళ్ళ వైపు చూసుకుంది. "ఆ మూడేళ్ళలో మీరు మా ఇంటికెన్నిసార్లు వచ్చారు బాబాయ్?"

"రాలేదు."

"మీరొచ్చి, ఆ ఒక్క మాట నాన్నతో అని ఉంటే, ఆ చెయ్యి బాగయ్యేదా?"

 ముప్పై ఒక్క ఏళ్ళలో ఈ లెక్క సుద్దాయన ఎప్పుడూ వేసుకోలేదు. ఫైనల్లో జరిగిందే తప్పనుకున్నాడు. ఆ తర్వాత గడిచిన ఒక్కో రోజూ ఒక తప్పని, ప్రతి ఆదివారం పక్కనే నిలబడి చెయ్యి బిగుసుకుపోవడం చూస్తూ కూడా తను చెప్పకుండా ఉన్నాడని, ఇప్పుడే తెలిసినట్టయింది.

"తెలీదమ్మా," అన్నాడు.

"మీకు తెలుసు," అంది ఆ పిల్ల. బ్యాగు భుజానికి తగిలించుకుంది. గోడ మీది ఫోటో వైపు గానీ, దాని కింది గాజు వైపు గానీ చూడలేదు. నిటారుగా నడిచి వెళ్ళిపోయింది. వాకిట్లో తాళాలాయన ఆమెకి దారిచ్చి పక్కకి తప్పుకున్నాడు.

సుద్దాయన పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు. హాలంతా ఖాళీ అవుతోంది. వరసగా కుర్చీలు మడతపెట్టుకుంటూ వస్తున్న మనిషి ఆయన దగ్గరికొచ్చి ఆగాడు.

"లెండి పెద్దాయనా, కుర్చీ తీయాలి."

ఆయన లేచాడు. ఎటు వెళ్ళాలో తెలియక ఆ పక్కనే నిలబడ్డాడు.